తేరు కదలక మునుపు

పుష్యమాసము. ఎమ్మిగనూరున నీలకంఠేశ్వరస్వామి జాతరకు వీథులన్నియు సిద్ధమగుచుండగా, క్రొత్త సున్నపు వాసనయు బెల్లపు పాకపు వాసనయు కలిసి గుమ్మములు దాటుచుండగా, ఆదోని నుండి ఉదయమే రావలసిన బావ సాయంకాలమునకు గాని మఱది యింటి అరుగు చేరలేదు. బావ ఆదోని ప్రత్తి వ్యాపారుల యొద్ద చిరకాలము లెక్కలు వ్రాసి విశ్రమించినవాడు; మఱది తాతలనాటి గుంతమగ్గమును నేటికిని విడువని నేతగాడు. కాళ్ళు కడుగుకొనుటకు చెంబుతో నీళ్ళిచ్చి ఆలస్యమునకు కారణ మడుగుటతో వారి సంవాదము మొదలయ్యెను. ఆ యరుగు మీదనే కూర్చుండి నేను వినిన మాటలివి.

మఱది: బావా, అక్కయ్య పిల్లలను తీసికొని నిన్ననే వచ్చినది. మీరొక్కరే వెనుకబడితిరి. ఏ పని మిమ్ము నిలిపినది?

బావ: ఇంటిని కట్టుదిట్టము చేసి వచ్చితిని. వీథి గొట్టము లోనికి వచ్చు చోటనున్న గేటు వాల్వును మూసితిని. ప్రతి కుళాయిని ఒకమారు విప్పి, చుక్క రాలేదని నిశ్చయించుకొని, మరల బిగించితిని. మిద్దెమీది ట్యాంకులో ఫ్లోటు సరిగా లేచుచున్నదో లేదో చూచి, మోటారునకును గీజరునకును కరెంటు తీసివేసి, తాళపుచెవి నొకదానిని ఎదురింటివారికిచ్చి, వాల్వెక్కడున్నదో వారికి చూపి వచ్చితిని. ఈ పనులతోనే పూట గడచినది.

మఱది: పండుగనాడు దైవమును తలచుట, బంధువులను తలచుట వింటిని గాని, కుళాయిలను తలచుట వినలేదు. చెడినపుడు బాగుచేయుటకు ప్లంబరున్నాడు. పండుగ యనగా మావంటివారికి లెక్క మఱచు దినము. ఏడాది పొడుగున నూలు తూకము, కూలి లెక్క, అప్పు లెక్క. ఈ నాలుగు దినములైనను కొలతపాత్రను ప్రక్కన బెట్టి బ్రతుకకున్నచో ఇక పండుగ ఎందులకు? రాబోవు కీడును వెదకి వెదకి ముందుగానే భయపడువానికి, ఎదుట నున్న తేరు కూడ కానరాదు.

బావ: నీ మాటలో సత్యమున్నది. అయితే మఱచుటకే నేనును ఆ పనులు చేసితిని; తేరు ముందు నిలుచుండి, కుళాయి కట్టితినో లేదో యని తలపోయు మనస్సు స్వామిని చూడజాలదు గదా. మూడేండ్ల క్రిందట మీ వీథిలో జరిగిన సంగతి నీవే నాతో చెప్పియుంటివి, జ్ఞాపకమున్నదా? ఒక కుటుంబము సంక్రాంతికి పుట్టింటికి పోవుచు, ప్రొద్దున కుళాయి త్రిప్పి చూచి, నీరు రానందున అట్లే విడిచి, తలుపు తాళము వేసికొని పోయినది. ఆ రాత్రి నీరు వచ్చినది. తాళము వేసిన యింట ఆ ధార నెవరు విందురు? తెల్లవారుసరికి నీరు నడిమిగోడ పునాదిని దాటి ప్రక్కింటి మగ్గపు గుంతను నింపినది.

మఱది: జ్ఞాపకమేమి బావా, ఆ పడుగును ఎత్తి యెండలో పఱచినవారిలో నేనొకడను. గంజి పెట్టిన పోగులు ఒకదాని కొకటి అంటుకొని విడివడలేదు. పదునైదు దినముల పని ఒక్క రాత్రిలో పోయినది. ఆ యింటి యిల్లాలు ఎవరిని గాని ఒక మాట యనలేదు. తడిసిన పడుగు ప్రక్కన కూర్చుండి చేతులతో పోగులు విడదీయుచునే యుండెను.

బావ: లెక్క వలదంటివి, అయినను ఈ యొక్క లెక్క వినుము. పది లీటర్ల బిందె నిండుటకు ఒక నిమిషము పట్టు కుళాయి, ఎనిమిది గంటలు తెఱచియున్నచో 4,800 లీటర్లను పాఱించును. మురుగునీటి గొట్టములు గల పట్టణములలో మనిషికి దినమునకు 135 లీటర్లు కావలెనని ప్రభుత్వపు ప్రమాణము. అనగా ఒక్క కుళాయి ఒక్క రాత్రిలో ముప్పదియైదుగురి దినభోగమును నేలపాలు చేసినది. అంత దూరమేల? వాషరు అరిగి, సెకండునకొక చుక్క కార్చు కుళాయి దినమునకు 86,400 చుక్కలు కార్చును. ఇరువది చుక్కలు ఒక మిల్లీలీటరనుకొన్నను నాలుగు లీటర్లు దాటును. వాషరు వెల ఎంత? ఆ నీరు వచ్చిన దూరమెంత? హోసపేట యొద్ద తుంగభద్ర ఆనకట్టలో నిలిచి, దిగువకాలువలో బళ్ళారి సీమ చుట్టును తిరిగి, దారి పొడుగున ఎన్నో పొలములను తడిపి, మిగిలిన నీరు గదా మన పట్టణముల నిలువచెఱువులకు చేరుచున్నది! ఆదోనికి బసాపురపు చెఱువు నిండినదా లేదా యని వేసవి రాకమునుపే మేము దిక్కులు చూచుచుందుము. కాలువ చివర నున్న వానికి నీటి వెల తెలిసినట్లు, మొదట నున్న వానికి తెలియదు.

మఱది: ఇప్పుడు నా మాట వినుడు. ఆ కుళాయిని విప్పి పోయిన వారిని మీరు తప్పుపట్టుచున్నారు, నేను పట్టను. నీరు ప్రతిదినము నియమిత వేళకు వచ్చు ఊరిలో, ఎండిన కుళాయి యను వస్తువే యుండదు. కుళాయి విప్పగానే నీరు వచ్చును, కట్టగానే నిలుచును. దానిని మఱచి పోవుట సాధ్యముకాదు. దినము విడిచి దినమో, అంతకును ఎడముగానో, తెల్లవారుజామునో, నడిరేయినో వచ్చు నీటిచే మన జనులకు ఈ యభ్యాసము పట్టుబడినది. వచ్చునపుడు శబ్దము వినబడవలెనని కుళాయిని తెఱచియుంచి, క్రింద బిందె పెట్టి నిద్రించువారము మనము. లోపము వ్యవస్థది, శిక్ష ఇంటివానికా? ఇంటివానికి నీతి చెప్పుచున్నంత కాలము వ్యవస్థను ఎవరును ప్రశ్నింపరు.

బావ: ఈ మాటను నేను కాదనజాలను. నియమిత వేళకు నీరిమ్మని అడుగుట పౌరుని హక్కు, అడుగవలసినదే. కాని ఆ హక్కు సిద్ధించు దినమునకును నేటికిని నడుమ ఎన్నియో పండుగలున్నవి. అంతవఱకు మగ్గపు గుంతలు తడియనిత్తమా? మఱియు వ్యవస్థ లోపమున్న చోటనే ఇంటివాని జాగ్రత్తకు విలువ హెచ్చును. నిన్నొక ప్రశ్న యడుగుదును, కోపింపవలదు. మీ యింటి ప్రధాన వాల్వు ఎచ్చట నున్నది?

మఱది: ఇల్లు కట్టిన మేస్త్రీకి తెలియును.

బావ: ఆ మేస్త్రీ ఎచ్చట నున్నాడు?

మఱది: బెంగుళూరికి పోయి ఆరేండ్లయినది. సరే, వెదకిన దొరకును. ఇపుడు దానితో పని యేమి? మఱియొకటి చెప్పెదను. రేపటినుండి ఈ యింట ఇరువదిమంది యుందురు. వీథి కుళాయిలో వచ్చు సన్నని ధార చాలదని గొట్టమునకే చిన్న మోటారు తగిలించితిని. ఇది కూడ తప్పేనా? అతిథికి స్నానమునకు నీళ్ళు చాలవని చెప్పుటకంటె గృహస్థునకు అవమానమేమున్నది?

బావ: అతిథిని ప్రేమించుటచేతనే ఆ మోటారు తగిలించితివి, అందులకే నేను చెప్పవలసియున్నది. మన కాళ్ళ క్రింది నేల నల్లరేగడి. వానకు నీరు పీల్చి ఉబ్బును. ఎండకు ముడుచుకొని, చేయి దూరునంత బీటలు వాఱును. పుష్యమాసము వచ్చుసరికి ఈ ముడుత ఆరంభమగును. నేల ఉబ్బినపుడు గొట్టము పైకి లేచును, ముడుచుకొన్నపుడు క్రుంగును. కొన్నేండ్లకు అతుకులు వదులగును. చలిదేశములలో మంచు చేయు పనిని ఇచట రేగడి చేయుచున్నది. అమెరికాలో షికాగో వంటి చోట్ల నున్న మన తెలుగువారు డిసెంబరు సెలవులకు ఇండ్లకు వచ్చునపుడు, ప్రధాన వాల్వు మూసి, గొట్టములలోని నీటిని వదలి వత్తురు. ఏలయనగా నీరు గడ్డకట్టి సుమారు నూటికి తొమ్మిది పాళ్ళు పెరిగి గొట్టమును చీల్చును. వారి శత్రువు చలి యని వారెఱుగుదురు. మన శత్రువు మన పొలమునకు ప్రత్తినిచ్చు మన్నే యగుటచే మన మెఱుగకున్నాము.

మఱది: వదులైన అతుకునకును నా మోటారునకును సంబంధమేమి?

బావ: వీథి గొట్టము ప్రక్కనే మురుగుకాలువ పాఱుచున్నది. నీరు తన ఒత్తిడితో వచ్చునపుడు వదులైన అతుకునుండి లోని నీరు వెలికి కారును. నష్టమే గాని విషము కాదు. నీవు మోటారుతో పీల్చినపుడు గొట్టములో శూన్యమేర్పడి, వెలుపలి మురుగు ఆ అతుకు ద్వారా లోనికి వచ్చును. నీ బిందెలోనికే గాక, వీథిలోని వారందఱి బిందెలలోనికి వచ్చును. పండుగ మఱునాడు ఆసుపత్రి ముందు కూర్చుండు పిల్లల వాంతులకు ఓళిగలను నిందింతుము; కారణము కొన్నిసారులు ఈ పీల్పు. బురదతొట్టిలో ముంచి విడిచిన రబ్బరు గొట్టము కూడ, నీరు ఆగిన క్షణమున, ఆ తొట్టినీటిని వెనుకకు త్రాగును. కావున వీథినీరు తనంతట తాను సంపులో పడవలెను. సంపునుండి మిద్దెపైకి మాత్రమే మోటారు తోడవలెను. ఇరువదిమందికి చాలదన్నచో రెండు దినములు ముందుగా సంపు కడిగి నింపుకొనుట మేలు.

మఱది కొంతసేపు మాటాడక, లోపల పొయ్యిమీద కాగుచున్న నూనె చిటపటలను వినుచు కూర్చుండెను. అనంతర మిట్లనెను:

మఱది: మోటారును తీసివేయుదును, ఇందు నాకు వాదము లేదు. కాని బావా, ఈ జాగ్రత్తలన్నియు తుదకు ఎవరి నెత్తిన పడుచున్నవో చూచితిరా? లోపల అక్కయ్యయు నా భార్యయు నాలుగు గంటలనుండి నిలుచుండి కజ్జికాయలు వేయుచున్నారు. వారితో, నూనె తూములో పోయకుడు, మెతుకులు పోనీయకుడు అని మనము అరుగుమీద కూర్చుండి చెప్పుట న్యాయమా? వేడినీళ్ళు, సబ్బు పోసినచో నూనె పోవును గదా!

బావ: నీవు అడిగినదే ధర్మమైన ప్రశ్న. మొదట నూనె సంగతి చెప్పి, తరువాత దానికి వచ్చెదను. వేడినీటితో నూనె పోవుట నిజమే, ఎంతవఱకు పోవును? నీరు చల్లారువఱకు. నేయి, డాల్డా ఈ చలికి గొట్టపు మలుపులోనే పేరుకొనును. వేరుసెనగనూనె గడ్డకట్టదు గాని, మన బోరునీరు ఉప్పుకరడు నీరు; అందలి సున్నపుపాలు, కాచికాచి చెడిన నూనెతోను సబ్బుతోను కలిసి, తెల్లని జిగురువంటి గడ్డగా మాఱి గొట్టపు లోగోడకు పట్టును. ఆ జిగురునకు ఉగ్గానిలో మిగిలిన బొరుగులు, ఓళిగల పిండి, కొబ్బరిపీచు, తలవెండ్రుకలు, పూజ నిర్మాల్యపు పూలు అంటుకొనును. తేరునాటి మధ్యాహ్నము ఇరువదిమంది చేతులు కడుగుచుండగా బచ్చలి నిండి నీరు వంటింటిలోనికి ఎదురువచ్చునది ఇట్లే. అపుడు కొందఱు యాసిడ్ పోయుదురు. అది గొట్టమును, గచ్చును తినును. దానిపై బ్లీచింగు పొడి చల్లినచో క్లోరిను వాయువు పుట్టి ఊపిరికే మోసము తెచ్చును.

ఇక శ్రమ సంగతి. ఈ పని స్త్రీలపై మోపరానిది; పొయ్యి వెలిగింపకమునుపే మగవారు చేసి ముగింపవలసినది. తూము నోట సన్నని జాలీ బిగించుట, మలుపు గొట్టపు క్రింది మూత విప్పి కడుగుట, బయటి ఛాంబరు బండ యెత్తి చూచుట, వాడిన నూనె కొఱకు పొయ్యి ప్రక్కనే మూతగల డబ్బా నుంచుట, ఎంగిలి విస్తళ్ళకును మెతుకులకును పెరటిలో గుంత త్రవ్వుట మన పనులు. డబ్బా చేతికందు చోట నున్నచో నూనెను ఎవరు తూములో పోయుదురు? జాలీ యున్నచో, జాగ్రత్త చెప్పవలసిన పనియే లేదు. నేనింతకాలము ఇంటిలో ఆజ్ఞలిచ్చితినే గాని ఈ డబ్బాను నా చేతితో పెట్టలేదు. రెండేండ్ల క్రిందట మీ అక్కయ్య ఉగాదినాడు ఉపవాసముతో మోకాళ్ళపై కూర్చుండి మురుగు నెత్తిపోయుట చూచిన పిమ్మట గాని నాకు సిగ్గు కలుగలేదు.

మఱది: అయినను ప్లంబరు సంగతి మిగిలినది. మన జాగ్రత్తచే అతని జీవనము పోదా? మన వంటి చేతిపనివాడే గదా.

బావ: అతనికిని జాతర యున్నది, మఱదీ. అతని పిల్లలును క్రొత్తబట్టలు కట్టి తండ్రి భుజమెక్కి తేరు చూడ గోరుదురు. వారమునకు ముందు పిలిచి, వాషర్లు మార్పించి, అతుకులు చూపించి కూలి యిచ్చినచో అతని కడుపు నిండును. తేరునాడు పిలిచి మురుగులో దింపినచో అతని పండుగ పోవును. ఇంతకంటె ఘోరమైన సంగతి సెప్టిక్ ట్యాంకుది. మూడేండ్ల కొకమారైనను యంత్రముతో తోడింపనిచో అడుగున మడ్డి పేరుకొనియుండును. ఐదుగురుండు ఇంట ఇరువదిమంది నాలుగు దినములు వాడినపుడు ఆ మడ్డి కలగి, బయటికి పోవు దారిని పూడ్చును. ఆ తొందరలో ఎవరో పేదవానికి నాలుగు రూపాయ లెక్కువ చూపి లోనికి దింపుదురు. అందలి వాయువు ఒక్క శ్వాసలో మనిషిని పడవేయును. 2013 నాటి చట్టము మనిషిని అట్లు దింపుటను నిషేధించినది; అట్లు దింపుటచే పోయిన ప్రాణమునకు పరిహారము ముప్పది లక్షలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో నిర్ణయించినది. కోలారు బంగారుగనుల ప్రాంతపు తెలుగు కుటుంబమున పుట్టిన బెజవాడ విల్సన్ ఈ యమానుషమును మాన్పుటకే జీవితమును ధారవోసి, 2016లో మెగసెసే పురస్కారమును పొందినారు. మన పండుగ పిండివంట ఒకని ప్రాణముతో ముడివడియుండునని తలచినచో, ఆ ట్యాంకును ముందుగా తోడించుట భయమనిపించునా?

మఱది: అనిపించదు. అది ఋణము తీర్చుకొనుట యనిపించును.

బావ: ఋణమనియే నేనును తలచుచున్నాను. 2024 ఆగస్టు 10వ తేది రాత్రి తుంగభద్ర ఆనకట్టలో పందొమ్మిదవ గేటు కొట్టుకొనిపోయినది గదా. ముప్పదిమూడు గేట్లలో ఒక్కదాని గొలుసు తెగుటచే, నిండిన జలాశయము నుండి నీరు వృథాగా పోవుచుండగా, మన రైతులు రాత్రులు నిద్రలేక గడపిరి. ఇంజనీరు కన్నయ్యనాయుడు గారి పర్యవేక్షణలో నిపుణులు ప్రవాహమునకు ఎదురొడ్డి పలకలు దింపి వారము దినములలో ఆ దారిని మూసిరి. వారికి మనము చేతులెత్తి మ్రొక్కితిమి. ఆ గొలుసు 1953 నాటి ఆనకట్టకు ఎట్టిదో, ఈ యింటికి నీవెఱుగని ఆ వాల్వు అట్టిది.

మఱది: బావా, మీ మాటలకు లోబడితిని, అయినను మీ ధర్మము ఒక్క చోట కుఱుచగా నున్నది. మీరు మీ యింటిని కట్టుదిట్టము చేసి వచ్చితిరి. ప్రతివాడును తన యింటిని అట్లు చేసికొన్నచో చాలునని మీ భావము. తాళము వేసిన ప్రక్కింటి నీరే గదా ఆనాడు మగ్గమును ముంచినది! జాగ్రత్తగల యింటిని జాగ్రత్తలేని యిల్లు ముంచును. 1938లో మాచాని సోమప్పగారు ఈ ఊర చేనేత సహకార సంఘమును నెలకొల్పినపుడు, నేర్పుగల నేతగాండ్రు లేకపోలేదు; ఒంటరిగా నుండుటచే నూలు వెలకును, షావుకారు దయకును లోబడియుండిరి. కలిసినపుడు నిలిచిరి. నీటికిని అట్టి కలయిక కావలెను. జాతరకు పదిదినముల ముందు వీథివారందఱు ఒకచోట కూడి, ఊరికి పోవువారెవరు, ఉండువారెవరు అని తెలిసికొని, ప్రతి యింటి వాల్వు గుర్తును గోడపై రంగుతో వ్రాసి, తాళపుచెవులు ఒకరియొద్ద నుంచి, తోడు యంత్రమును ఒక్కమారే పిలిపించి ఖర్చు పంచుకొనవలెను. నీరు వచ్చు వేళను ముందుగా తెలుపుడని పురపాలకమును అడుగుటకును ఒక్కనికంటె వీథికి బలమెక్కువ.

బావ: నీవు నన్ను మించితివి. నేను ఎదురింటికి తాళపుచెవి ఇచ్చుట నా యింటి కొఱకు. నీవు చెప్పునది వీథి కొఱకు. ఆదోనికి పోయినంతనే మా వీథిలో ఈ మాట యెత్తుదును. ఇంకొక చిన్నమాట: రాత్రి కుళాయిలన్నియు కట్టి, సంపు గోడమీద నీటిమట్టమున బొగ్గుతో గీత గీయుము, తెల్లవారి చూచునపుడు గీత నీటికి పైన నిలిచినచో సంపునందో దానికి చేరిన గొట్టమునందో ఎచ్చటనో నీరు కారుచున్నదని యర్థము. క్రొత్త గొట్టము వేయునపుడు రేగడిలో నేరుగా పాతక, చుట్టును ఇసుక పఱపించుము. గోడలో దూరుచోట పెద్ద గొట్టపు తొడుగు నుంచుము. నేల కదలినను గొట్టము విఱుగదు.

మఱది లేచి లోనికి పోయి టార్చిలైటు తెచ్చెను. ఇద్దఱును పెరటిలోనికి నడచిరి. నేనును వారి వెంట పోయితిని. తులసికోట ప్రక్కను, పండుగకని పేర్చిన కట్టెల మోపు క్రింద, షాబాదు బండ యొకటి కొంచెము క్రుంగి కనబడెను. కట్టెలను ప్రక్కకు దీసి, గడ్డపారతో బండను ఎత్తగా, ఉప్పుపేరి తెల్లబాఱిన వాల్వు తల బయటపడెను. మఱది రెండు చేతులతో పట్టి త్రిప్పెను, అది కదలలేదు. బావ బలముగా త్రిప్పబోగా మఱది అతని చేయి పట్టుకొని, "వలదు బావా, ఈ వేళ విఱిగినచో ఇల్లంతయు నీరగును. తెల్లవారగానే ప్లంబరును పిలిచెదను; మధ్యాహ్నము లోపల పని ముగించి, అతడును పిల్లలతో తేరు వేళకు పోగలుగును" అనెను.

బండను మరల మూయలేదు. చీకటిలో ఎవరును తొట్రుపడకుండ ఆ గుంతపై వెదురు తట్ట బోర్లించి, మఱది గోడమీద బొగ్గుతో ఒక బాణపు గుర్తు గీసి, ఆ ప్రక్కనే పెద్ద యక్షరములతో "వాల్వు" అని వ్రాసెను.